ఐ.పి. వేసిన తర్వాత జీతం ఎవరిది?

"ఫలానా ఆయన ఐ.పి. పెట్టేశాడట" అన్న మాట ధర్మపురి సంతలోనూ, హోసూరు వెళ్ళే బస్సులోనూ మీరు వినే ఉంటారు. ఐ.పి. అంటే ఇన్సాల్వెన్సీ పిటీషన్, దివాలా దరఖాస్తు. అది వేసిన రోజే అప్పులన్నీ మాఫీ అని కొందరి నమ్మకం. ఇకమీదట పడే కష్టమంతా అప్పులవాళ్ళ పాలేనని మరికొందరి భయం. రెండూ నిజం కావు.

చెన్నై నగరానికి 1909 నాటి చట్టం వేరే ఉంది. మన జిల్లాకు వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం.

కోర్టు మిమ్మల్ని దివాలాదారుగా ప్రకటించిందనుకోండి. మీ ఆస్తి రిసీవరు చేతికి పోతుంది. డిశ్చార్జి ఉత్తర్వు వచ్చేదాకా మీరు కొత్తగా సంపాదించేదీ అక్కడికే చేరాలి. అయితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు చేయరాదన్నదాన్ని రిసీవరూ ముట్టుకోరాదు. కూలివాళ్ళ కూలి, పని నేర్చినవారిదైనా కానివారిదైనా, పూర్తిగా మినహాయింపు. నెల జీతం తీసుకునే గుమాస్తాకు మొదటి 1,000 రూపాయలు, మిగతాదానిలో మూడింట రెండు వంతులు మినహాయింపు. జీతం 16,000 అయితే 11,000 ఇంటికి, 5,000 రిసీవరుకు.

ఆ 5,000 అప్పు రుజువు చేసుకున్నవారందరికీ వంతుల ప్రకారం పోవలసిన సొమ్ము. పాత మాట ప్రకారం నెలనెలా ఒక్క వడ్డీ వ్యాపారికే కట్టేద్దామంటే కుదరదు, అది కట్టడానికి మీది కాదు. ఆయన కూడా కోర్టు అనుమతి లేకుండా మీ మీద విడిగా దావా వేయలేడు. నగలు కుదువ పెట్టుకున్నవారికి మాత్రం ఆ కుదువ మీద హక్కు అలాగే ఉంటుంది.

"ముందు బావమరిది బాకీ తీర్చేసి, తర్వాత ఐ.పి. వేద్దాం" అనుకునేవారూ ఉన్నారు. ఒకరికే మేలు చేయాలని దరఖాస్తుకు ముందు మూడు నెలల లోపల కట్టిన సొమ్మును కోర్టు చెల్లదనవచ్చు. ఇక మీకోసం జామీను సంతకం పెట్టిన చిన్నాన్న ఉన్నాడే, పాపం, మీకు డిశ్చార్జి వచ్చినా ఆయన బయటపడడు.

దివాలా ప్రకటించాక చేసిన అప్పు ఈ లెక్కలోకి రాదు, చేతికి మిగిలిన జీతంలోంచే తీర్చాలి. పైగా డిశ్చార్జి కాకముందు 50 రూపాయలు, ఆపైన అప్పు తీసుకుంటే తాను దివాలాదారునని చెప్పి తీరాలి. దాచితే ఆరు నెలల దాకా జైలు. 1920లో యాభై రూపాయలంటే పెద్ద మొత్తమే. ఇప్పుడది కిరాణా కొట్టు ఖాతాలో ఒక్కరోజు పద్దు!

డిశ్చార్జి దానంతట అది రాదు. ఎన్నాళ్ళలోపల అడగాలో దివాలా ఉత్తర్వులోనే రాసి ఉంటుంది. ఆ గడువు దాటనిస్తే ఉత్తర్వు రద్దవుతుంది, అప్పులవాళ్ళు మళ్ళీ మీ గుమ్మం ముందుకు వస్తారు. అందుకని కోర్టు నుంచి వచ్చేటప్పుడు ఆ తేదీని మీ వకీలు చేత ఒక కాగితం మీద రాయించుకోండి.