మొహమాటం ప్రేమ కాదు

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల సంఘాలలో ఎవరేమి అడిగినా కాదనని వ్యక్తిని మంచి విశ్వాసి అంటాము. అప్పు అడిగితే ఇస్తాడు, హామీ సంతకం అడిగితే పెడతాడు. లోలోపల మాత్రం నలిగిపోతాడు. రాత్రి నిద్ర పట్టదు, ఇంట్లోవాళ్లపై విసుక్కుంటాడు. ఇది మొహమాటం. ప్రేమ ఎదుటివాని మేలు కోరుతుంది. మొహమాటం ఎదుటివాని మెప్పు కోరుతుంది. దాని వేరు భయం.

దీని వెల చిన్నది కాదు. పంట పెట్టుబడి రోజుల్లో అన్న అలుగుతాడని తమ్ముడు హామీ సంతకం పెడతాడు. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, అప్పు తీసుకున్నవానికి ఎంత బాధ్యతో హామీదారుకూ అంతే. అన్న కట్టకపోతే ఆ భారం తమ్ముని భార్యాబిడ్డలపై పడుతుంది. సామెతల గ్రంథం 6, 22 అధ్యాయాలు హెచ్చరించినది ఇదే.

ఈ భయానికి చికిత్స ఉంది. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో చికిత్సకులు మొదట మన భయాన్ని కాగితంపై రాయిస్తారు: "కాదంటే అన్న మళ్లీ మా గడప తొక్కడు." అది ఎంతవరకు నిజం? ఇంతకు ముందు ఎప్పుడైనా అలా జరిగిందా? ఇలా పరీక్షించిన తరువాత చిన్న విషయంలో కాదని చెప్పించి, ఏమి జరిగిందో గమనించమంటారు. కోపం లేకుండా, అబద్ధపు సాకు చెప్పకుండా మాట్లాడడం సాధన చేయిస్తారు: "అన్నా, నీ కష్టం నాకు తెలుసు. సంతకం మాత్రం పెట్టలేను. కావాలంటే బ్యాంకుకు నీతో కూడా వస్తాను." మొదట్లో తప్పు చేసినట్టు మనసు పీకుతుంది. అది పాత అలవాటు గొంతు, సాధనతో తగ్గుతుంది.

హద్దు పెట్టడం స్వార్థం కాదా అని కొందరు అడుగుతారు. గలతీ పత్రిక 6వ అధ్యాయం చూడండి. ఒకరి భారాలు ఒకరు మోయమని 2వ వచనం, ఎవరి బరువు వారే మోసుకోవాలని 5వ వచనం చెబుతాయి. గ్రీకులో మొదటిది 'బారోస్', ఒంటరిగా మోయలేని భారం. రెండవది 'ఫోర్టియోన్', ఎవరి మూట వారిది. మోయలేనివానికి భుజం ఇవ్వాలి. ప్రతివాని మూటా మనమే ఎత్తుకోనక్కరలేదు. కపెర్నహూములో అందరూ వెదకుచున్నారని శిష్యులు చెప్పినా, ప్రభువు తన పనికై ఇతర గ్రామాలకు వెళ్లాడు (మార్కు 1:35-38).

ఒక జాగ్రత్త. కాదంటే దెబ్బలు పడే ఇంట్లో ముందు కావలసినది భద్రత. స్త్రీలు 181కి ఫోన్ చేయవచ్చు. నిద్ర, ఆకలి చెడి కుంగిపోతున్నవారు 14416 టెలీ మానస్‌కు ఫోన్ చేసి ఉచితంగా, ఏ వేళనైనా, తెలుగులో మాట్లాడవచ్చు. ప్రార్థించేవాడు డాక్టరు దగ్గరకు వెళ్లడం అవిశ్వాసం కాదు.

కాపరులకు, పెద్దలకు మా మనవి: చందాకో, పరిచర్యకో ఎవరైనా "ఈసారి నా వల్ల కాదు అయ్యగారూ" అంటే నొచ్చుకోకండి, వారి భక్తిని శంకించకండి. బలవంతంగా ఇచ్చేది దేవుడు కోరలేదు (2 కొరింథీ 9:7). కాదని చెప్పే స్వేచ్ఛ ఉన్న సంఘంలోనే అవుననే మాటకు విలువ ఉంటుంది.