బొగ్గుబాయి తాత ఓడ ప్రయాణం

పిల్లలూ, మన నస్పూరునుంచి సముద్రం ఎంత దూరం? గోదావరి మన పక్కనుంచే పోతుంది. కాని ఆ నీటివెంట వందల కిలోమీటర్లు పోతేగాని అంతర్వేది రాదు, సముద్రం కనిపించదు. మన వీధిలో ఇప్పటికీ సముద్రం చూడనివాళ్ళు చాలామంది ఉన్నారు. అటువంటి వీధినుంచి ఒక తాత పోయిన వేసవిలో గ్రీసు దేశానికి వెళ్ళి, అక్కడి దీవులమధ్య వారంరోజులు ఓడలో తిరిగి వచ్చాడు.

ఈ తాత శ్రీరాంపూర్ ఏరియా బొగ్గుబావుల్లో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. ఆయన కొడుకు నా దగ్గిర ఎనిమిదో తరగతి చదివాడు. ఇప్పుడు జర్మనీలో ఇంజనీరు. తల్లిదండ్రులను అక్కడికి పిలిపించుకుని, భార్యాపిల్లలతో సహా అందరినీ సముద్రంమీదికి తీసుకుపోయాడు. ఊరికి రాగానే తాత మా ఇంటికి వచ్చి, ఫోనులో ఫోటోలు చూపిస్తూ, “సార్, గీ ఓడకు రెండు కాళ్ళున్నయి, చూసిన్రా?” అన్నాడు.

నిజంగానే ఆ ఓడ చూడటానికి చిత్రంగా ఉన్నది. రెండు సన్నని పడవలను దూరదూరంగా పెట్టి, వాటిమధ్య వంతెన వేసినట్టున్నది. వంతెనమీద వంటిల్లు, భోజనాల బల్ల. రెండు పడవల్లోనూ పడక గదులు, మొత్తం నాలుగు. నడిమధ్య ఎత్తైన స్తంభం, దానికి తెరచాప. పొడవు 12 మీటర్లు, వెడల్పు 7 మీటర్లకు కొద్దిగా తక్కువ. ఇటువంటి ఓడను కాటమరాన్ అంటారు. దీన్ని మనం జంటపడవ అనుకుందాం.

మధ్యధరా సముద్రపు రేవుల్లో ఇటువంటి ఓడలను అద్దెకిస్తారు. సామాన్యంగా శనివారంనాడు ఓడను తీసుకుంటే, మళ్ళీ శనివారానికి అప్పగించాలి. ఓడ నడపటం వచ్చినట్టు యోగ్యతాపత్రం ఉన్నవాడు తానే నడుపుకోవచ్చు. లేనివాడు ఓడతోపాటు సరంగునుకూడా కుదుర్చుకోవాలి. మన తాత కొడుకు సరంగును కుదుర్చుకున్నాడు. అద్దెకాక కొంత సొమ్ము ముందుగా కట్టించుకుంటారు. ఓడకు దెబ్బ తగిలితే దానిలోంచి మినహాయిస్తారు. అందుచేత ఎక్కేముందు లంగరు, తాళ్ళు, తెరచాప, రేడియో, మంటలార్పే సాధనం, నీటి తొట్టి, అన్నీ ఒక్కొక్కటిగా చూసి జాబితాలో గుర్తు పెట్టుకోవాలి.

వాళ్ళు లెఫ్కాడా అనే దీవిలో ఓడ ఎక్కారు. అక్కడినుంచి మెగానీసి, ఇథాకా, కెఫలోనియా దీవులు చూసి తిరిగి రావటం వాళ్ళ ఏర్పాటు. ఇథాకా అనేది గ్రీకుల పురాణగాథలో ఒడిస్యూస్ అనే వీరుడి రాజ్యం. యుద్ధం ముగిశాక ఆ వీరుడికి సముద్రంమీద ఇల్లు చేరటానికి పదేళ్ళు పట్టిందట! మన తాతకు ఒక్క పూట పట్టింది. అలాగని ఓడ వేగంగా పోయిందనుకోకండి. గంటకు ఆరు సముద్రపు మైళ్ళు, అంటే సుమారు 11 కిలోమీటర్లు. మీరు బడికి సైకిలుమీద పోయే వేగమే!

ఇక ఈ ఓడ పేరు సంగతి విన్నారంటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. కాటమరాన్ అన్నది మన దక్షిణదేశపు మాట! తమిళంలో “కట్టు” అంటే కట్టటం, “మరం” అంటే మాను. కట్టిన మానులే కట్టుమరం. మన విశాఖపట్నం వైపు బెస్తలు దాన్నే తెప్ప అంటారు. తేలికైన దుంగలను చెక్కి, పక్కపక్కన పేర్చి, తాళ్ళతో బిగించి కడతారు. దానికి లోపలి భాగమంటూ లేదు కనక అది నీటితో నిండటమనేది ఉండదు. అల మీద పడితే నీళ్ళు దుంగల సందుల్లోంచి జారిపోతవి. వేట ముగిశాక కట్లు విప్పి, నానిన దుంగలను ఇసుకమీద ఆరబెట్టేవారు. ఇప్పుడు చాలాచోట్ల దుంగలకు బదులు ఫైబర్ పడవలు, ఇంజన్లు వచ్చినవి.

విలియం డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు 1697లో అచ్చయిన తన యాత్రాగ్రంథంలో కోరమాండల్ తీరపు కట్టుమరాలను వర్ణించాడు. ఒక్క మనిషిని మోసేటంత చిన్న తెప్పలు కూడా ఉంటవనీ, వాటిమీద కూర్చున్నవాడి కాళ్ళు ఎప్పుడూ నీళ్ళలోనే ఉంటవనీ రాశాడు. ఈ విధంగా మన బెస్తవాళ్ళ మాట ఇంగ్లీషులో ప్రవేశించింది. అయితే రెండు పడవలను దూరంగా ఉంచి కలిపే పద్ధతి కట్టుమరానిది కాదు. అది పసిఫిక్ మహాసముద్రపు దీవులవాళ్ళది. వాళ్ళు అటువంటి జంటపడవలమీద తెరచాప లెత్తి వేల మైళ్ళు ప్రయాణించారు. పేరు ఒక సముద్రానిది, రూపం మరొక సముద్రానిది!

1876లో అమెరికాలో హెరెషాఫ్ అనే ఓడల శిల్పి “అమరిల్లిస్” అనే జంటపడవను కట్టి న్యూయార్కు పందెంలో దించాడు. అది మిగతా పడవలన్నిటినీ వెనక్కు నెట్టి ముందుకు పోయింది. ఓడినవాళ్ళు, “ఇది అసలు మా జాతి పడవే కాదు!” అని అభ్యంతరం చెప్పారు. ఆ తరవాత జంటపడవలను అటువంటి పందేలకు రానివ్వలేదు.

జంటపడవలో ఉన్న విశేషమేమిటి? మీరే ఒక ప్రయోగం చేసి చూడండి. మూత బిగించిన ఖాళీ నీళ్ళసీసా నొకదాన్ని తొట్టిలో పడుకోబెట్టి, దానిమీద చిన్న రాయి పెట్టండి. సీసా దొర్లుతుంది, రాయి పడిపోతుంది. ఇప్పుడు అటువంటి సీసాలు రెండు తీసుకుని, మధ్య జానెడు ఎడం ఉంచి, పైన రెండు పుల్లలు అడ్డంగా వేసి కట్టండి. పుల్లలమీద అట్టముక్క పరిచి, దానిమీద రాయి పెట్టండి. ఈసారి దొర్లదు. కదిలే బస్సులో నిలబడ్డప్పుడు మీరు కాళ్ళు ఎడంగా పెట్టరూ? ఇదీ అంతే. జంటపడవ సామాన్యంగా ఎక్కువ ఒరగదు. బల్లమీది గ్లాసులో టీ ఒలకదు.

ప్రయోగం ఇంకా పూర్తి కాలేదు. ఒంటిసీసా అడుగున ఒక రాయి గట్టిగా కట్టండి. దాన్ని ఎంత దొర్లించి వదిలినా, రాయి అడుగుకు పోయి, సీసా మళ్ళీ సర్దుకుంటుంది. సముద్రంలో తిరిగే ఒంటిపడవకు అడుగున ఇనుముతోగాని, సీసంతోగాని చేసిన బరువు ఉండేది ఇందుకే. ఇప్పుడు జంటసీసాలను ఒక పక్కనుంచి ఎత్తి బోర్లా తిప్పండి. అవి బోర్లానే ఉండిపోతవి. ఎంత ఊపినా లేవవు. ఒంటిపడవ త్వరగా ఒరుగుతుంది, కాని లేస్తుంది. జంటపడవ అంత సులువుగా ఒరగదు, కాని ఒకసారి తిరగబడితే దానంతట అది లేవదు. ఈ సంగతి గుర్తుంచుకోండి. తాత ప్రయాణంలో దీనితో పని పడింది.

ఇథాకానుంచి వాళ్ళు తిరిగి వచ్చేనాటి మధ్యాహ్నం వాయవ్యంనుంచి గాలి లేచింది. ఆ ప్రాంతంలో వేసవి మధ్యాహ్నాలు ఇట్లా గాలి రావటం మామూలే. కొంచెం దూరంలో ఒక ఒంటిపడవ పోతున్నది. అది ఒక పక్కకు బాగా ఒరిగిపోయి, మనుషులు రెండో పక్కన అంచున కూర్చుని ఉన్నారు. మనవాళ్ళ ఓడమాత్రం నిలకడగా ఉన్నది. పిల్లలు బల్లమీద చీట్లాట ఆడుతున్నారు. ఉన్నట్టుండి సరంగు లేచి, గాలివేగం చూపే ముల్లుకేసి చూసి, తెరచాపను సగందాకా దించి కట్టేశాడు. ఓడ వేగం తగ్గింది.

మనమడికి కోపం వచ్చింది. “ఓడ ఊగటంకూడా లేదు కదా! ఎందుకు దించాడు? ఆ పడవ మనకన్న ముందుకు పోతున్నది!” అన్నాడు.

సరంగు చెప్పిన జవాబును తాత కొడుకు తెలుగులో చెప్పాడు: “ఒంటిపడవ ఒరిగి, గాలి ఎక్కువైందని మనిషికి చెపుతుంది. జంటపడవ చెప్పదు. గాలివేగం రెండింతలైతే దాని తోపు నాలుగింత లవుతుంది. మనకు హాయిగానే ఉంటుంది. ఒరగటం మొదలయ్యేసరికి చాలా ఆలస్యమై ఉండవచ్చు. అందుకని ఇక్కడ ఒంటికి తెలిసేదాన్ని నమ్మకూడదు, ముల్లును నమ్మాలి.”

ఇది వింటూనే తాత మనమణ్ణి దగ్గిరికి తీసుకుని, “బాయిల గ్యాసుగూడ గంతే బిడ్డా! కంటికి కనబడది, ముక్కుకు తెల్వది. దీపం జెప్తే ఇనాలె. మంచిగనే ఉన్నది గద అని ముంగటికి పోవద్దు,” అన్నాడట.

తాత చెప్పింది అక్షరాలా నిజం. బొగ్గుపొరల్లోంచి మీథేన్ అనే వాయువు వస్తుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. గాలిలో తగుపాళ్ళలో కలిస్తే ఒక్క నిప్పురవ్వతో పేలుతుంది. 1815లో హంఫ్రీ డేవీ అనే శాస్త్రజ్ఞుడు ఇందుకోసమే రక్షణదీపం తయారుచేశాడు. మీథేన్ ఉన్నచోట ఆ దీపపు మంటమీద లేత నీలిరంగు టోపీ లాంటిది కనిపిస్తుంది. ఇప్పుడు అంకెలు చూపే యంత్రాలుకూడా వచ్చినవి. దీపమైనా, యంత్రమైనా అది ఆగమంటే ఆగవలసిందే.

తాత మరొక పని కూడా చేశాడు. మొదటిరోజు ఓడ ఎక్కగానే ఆయన అడిగిన ప్రశ్న ఇది: “ఎందరు ఎక్కిన్రు, ఎందరు దిగిన్రు, లెక్క ఎవలు రాస్తరు?” అందరూ నవ్వారట. బొగ్గుబావిలో దిగే ప్రతి మనిషి పేరూ రాస్తారు. షిఫ్టు అయ్యాక పైకి వచ్చినవాళ్ళ లెక్క చూస్తారు. ఒక్కడు తక్కువైతే వెతకటానికి మనుషులు లోపలికి పోతారు. ముప్పై ఏళ్ళు ఆ లెక్కలో ఒకడుగా బతికిన మనిషికి ఆ ప్రశ్న రాక మరేమి వస్తుంది? సరంగు మాత్రం నవ్వలేదు. తన పుస్తకం తెచ్చి, తనతో కలిపి ఏడుగురి పేర్లూ రాసి ఉండటం చూపించాడు. ఆనాటినుంచి ఏ దీవిలో దిగి ఎక్కినా, లంగరు తీసేముందు తాతే పైకి లెక్కపెట్టేవాడు. మనమరాలు “ఏడు!” అని అరిచేది. అప్పుడు ఓడ కదిలేది.

గ్రీసు దేశానికి మనమందరమూ పోకపోవచ్చు. కాని పడవ ఎక్కని తెలుగువాళ్ళు ఎందరున్నారు? పాపికొండలకు పోతాం, పుష్కరాలకు పోతాం, చెరువులో షికారుకు పోతాం. 2019 సెప్టెంబరు 15న తూర్పు గోదావరిలో కచ్చులూరు దగ్గిర, నది వరదమీద ఉండగా, పాపికొండలకు పోతున్న విహారపు పడవ ఒకటి మునిగి సుమారు 50 మంది ప్రాణాలు పోయినవి. వాళ్ళందరూ సరదాగా ఒకపూట గడుపుదామని బయలుదేరినవాళ్ళే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు చేదవుతుంది.

అందుచేత పిల్లలూ, మీరు ఏ పడవ ఎక్కినా కొన్ని ప్రశ్నలు అడగండి. ఈ పడవ ఎందరిని మోయవచ్చు? ఇప్పుడు ఎందరున్నారు? లైఫ్ జాకెట్టు అందరికీ ఉన్నదా, చిన్నపిల్లలకు చిన్న కొలతది ఉన్నదా? దాన్ని ఒంటికి తొడుక్కుని, పట్టీలు బిగించుకోండి. కాళ్ళకింద పెట్టుకున్న జాకెట్టు ఎవరినీ తేల్చదు. ఈరోజు నీరు ఎట్లా ఉన్నది, గాలి ఎట్లా ఉన్నదనికూడా అడగండి. సముద్రపు అలలు ఎంత ఎత్తున లేస్తవో ముందుగా చెప్పే సంస్థ ఎక్కడో లేదు, మన హైదరాబాదులోనే ఉన్నది. 1999లో ఏర్పడిన ఆ సంస్థ పేరు ఇన్‌కాయిస్. సముద్రమే లేని ఊళ్ళో కూర్చుని అది బెస్తవాళ్ళకు అలల కబురు పంపుతుంది.

పెద్దలకుకూడా ఒక మాట. పిల్లవాడు ఇటువంటి ప్రశ్న అడిగితే, “నోరు మూసుకో, పదిమందిలో పరువు తీయకు,” అనకండి. సరంగు “ఈరోజు పోవద్దు” అంటే ఎక్కువ డబ్బిస్తామని ఆశ పెట్టకండి. ఆ “వద్దు” అనే మాట చెప్పేవాడే మంచి సరంగు.

పోయిన ఆదివారం మా వీధి పిల్లలు నలుగురు తాత ఇంటిముందు నీళ్ళతొట్టిలో సీసాల జంటపడవ వదిలారు. దానిమీద ఏడు చింతగింజలు కూర్చోబెట్టారు. తాత పీటమీద కూర్చుని చూస్తున్నాడు. పడవ ఆ చివరికి చేరగానే ఒక పిల్ల వంగి గింజలు లెక్కపెట్టి, “ఏడు!” అన్నది.

“ఆఁ, ఇగ దించున్రి,” అన్నాడు తాత.