ఒకే ఫైలులో పలురకముల పంక్తులు

కర్నూలు, కడప జిల్లాల మెట్టగ్రామములలో సర్వే ఉద్యోగి ఒక రైతు కుటుంబమును విచారించునపుడు సేకరించు వివరములు ఒకే రకమువి కావు. ఇంట ఎందరున్నారు, భూమి ఎన్ని ఎకరములు అనునవి కుటుంబమునకు చెందినవి. వయస్సు, చదువు మనుష్యులకు చెందినవి. వేరుసెనగ ఎంత పండినది, జొన్న ఎంత పండినది అనునవి పైరులకు చెందినవి. 1950లో ఆరంభమయిన జాతీయ నమూనా సర్వే ఇట్టి వివరములను దేశమంతట సేకరించుచున్నది. 2003లో జరిగిన 59వ దఫాలో రైతు కుటుంబముల స్థితిగతులను ప్రత్యేకముగా విచారించిరి. ఇన్ని రకముల వివరములు గణకయంత్రములో ఎట్లు నిలువయుండునో చూతము.

ఒకే ఫైలు ఎందుకు?

ఒక ఇంట ఇద్దరుందురు, మరియొక ఇంట ఎనమండుగురుందురు. ప్రతి కుటుంబమునకు ఎనమండుగురికి సరిపడు గడులు విడిచినచో చాలచోటు వృథా యగును. 80 నిలువు వరుసల కార్డులు, అయస్కాంతపు టేపులు వాడిన కాలములో చోటు మిక్కిలి విలువైనది. కావున కుటుంబమునకు ఒక పంక్తి, ప్రతి మనిషికి ఒక పంక్తి, ప్రతి పైరునకు ఒక పంక్తి వ్రాసి, అన్నిటిని ఒకే ఫైలులో వరుసగా నుంచు పద్ధతి వచ్చినది. మెయిన్‌ఫ్రేమ్ అను పెద్ద గణకయంత్రములలో ఇట్టి ఫైళ్ళు నేటికిని గలవు. ఏ పంక్తి ఏ రకమో తెలుపుటకు ఒక నియతస్థానమున గుర్తుసంఖ్య యుండును.

ఒక ఉదాహరణము

ఈ క్రింది మూడు పంక్తులు కల్పితములు.

0412105062
0412201471
0412304018

మొదటి నాలుగంకెలు కుటుంబసంఖ్య. అయిదవ అంకె గుర్తుసంఖ్య: 1 కుటుంబము, 2 మనిషి, 3 పైరు.

మొదటి పంక్తిలో తరువాతి 05 కుటుంబసభ్యుల సంఖ్య. 062 అనగా 6.2 ఎకరములు. రెండవదానిలో 01 మనిషి వరుససంఖ్య, 47 వయస్సు, 1 పురుషుడను గుర్తు. మూడవదానిలో 04 వేరుసెనగకు గుర్తు, 018 అనగా 18 క్వింటాళ్ళు.

ఇపుడు రెండవ పంక్తిని పొరపాటున కుటుంబపు అమరికతో చదివినచో ఏమగును? 01 ఒకే సభ్యుడు. 471 అనగా 47.1 ఎకరములు! నలుబదియేడేండ్ల రైతు ఒంటరి భూస్వామిగా మారినాడు. ఇట్టి లెక్కను నమ్మి కరవు సహాయమునకు జాబితా వ్రాసినచో చిన్నరైతు పేరు దానిలో నుండదు.

కనబడు తప్పు, కనబడని తప్పు

5 అను అంకెను ఆస్కీ సంకేతపద్ధతిలో 53గాను, ఐ.బి.ఎం. మెయిన్‌ఫ్రేములలోని ఎబ్సిడిక్ పద్ధతిలో 245గాను నిలువచేయుదురు. ఒక పద్ధతిని మరియొకటిగా భ్రమించినచో తెరపై అర్థములేని గుర్తులు వచ్చును. తప్పు వెంటనే తెలియును. అమరిక మారినపుడు మాత్రము చక్కని అంకెలే కనబడును. అందుచేతనే ఇది మరింత ప్రమాదకరము.

1960 ప్రాంతమున వెలువడిన కోబాల్ భాషలో ఒకే ఫైలునకు పలు అమరికలను వ్రాయవచ్చును. ఫైలును చూపు సాధనములకు కూడ “అయిదవ స్థానమున 2 ఉన్నచో మనిషి అమరికను వాడుము” అను నియమము నీయవలెను. అపుడు ప్రతి పంక్తియు తన అమరికతోనే కనబడును.

సరిచూచు విధము

మొదట, అసంభవమైన విలువలను వెదకవలెను. పై మూడవ పంక్తిని మనిషి అమరికతో చదివినచో ఒక ఏడాది బిడ్డకు స్త్రీపురుష గుర్తు 8 అని వచ్చును. అట్టి గుర్తు లేదు. రెండవది, పంక్తులను లెక్కింపవలెను. కుటుంబపు పంక్తిలో 05 ఉన్నచో ఆ సంఖ్యతో మనుష్యుల పంక్తులు సరిగా అయిదుండవలెను. మూడవది, ప్రతి పంక్తిలో కుటుంబసంఖ్య యున్నదో లేదో చూడవలెను. లేనిచో ఫైలును వేరు వరుసలో పేర్చినంతనే ఎవరు ఏ ఇంటివారో తెలియకపోవును.

ఇట్టి పంక్తులను నల్లబల్లపై వ్రాసి, అమరిక చెప్పక విద్యార్థులచే చదివించినచో విషయము సులభముగా బోధపడును. అంకె తనంతట తాను ఏమియు చెప్పదు. అది నిలిచిన స్థానము, ఆ స్థానమునకు మనము చెప్పుకొన్న అర్థము కలిసినపుడే సమాచార మగును.