మరుగును పట్టుకున్న గాజు గొట్టం

ప్రగతి నగర్‌లో సందేహాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చే బీటెక్ పిల్లల్లో ఒకమ్మాయి అడిగింది: “సార్, మా ల్యాబ్‌లో నీళ్లు 98 దగ్గరే మరిగిపోతున్నాయి. థర్మామీటరు పాడైందంటారా?”

థర్మామీటరు బాగానే ఉంది. హైదరాబాద్ సముద్రమట్టానికి అర కిలోమీటరు ఎత్తున ఉంది. మన నెత్తిన గాలి బరువు ఆ మేరకు తక్కువ. ఇక్కడి వాతావరణ పీడనం 95 కిలోపాస్కల్‌ల చుట్టుపక్కల ఉంటుంది కనుక నీళ్లు దాదాపు 98.2 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఈ మాట వినగానే ఆమె వేసిన రెండో ప్రశ్న నాకు ఇంకా నచ్చింది. రెండు ద్రవాలు కలిపితే ఆ మిశ్రమం ఎంత దగ్గర మరుగుతుంది? మధ్యలో ఎక్కడో అనుకోవచ్చా?

అనుకోకూడదు. మిథనాల్ 64.7 డిగ్రీల దగ్గర మరుగుతుంది, టోలీన్ 110.6 దగ్గర. రెండూ తగిన పాళ్లలో కలిస్తే ఆ మిశ్రమం 64 కంటే కాస్త కిందే మరుగుతుంది, అంటే రెండింటికంటే ముందే. పైగా ఆ పాళ్ల దగ్గర ద్రవంలో ఏ నిష్పత్తి ఉందో ఆవిరిలోనూ అదే నిష్పత్తి ఉంటుంది. ఎంత ఎత్తు స్వేదన కాలమ్ కట్టినా అక్కడి నుంచి రెండూ విడిపోవు. దాన్నే అజియోట్రోప్ అంటారు. మాకు దగ్గర్లోనే ఉన్న జీడిమెట్ల, బాచుపల్లి, బొల్లారం మందుల ఫ్యాక్టరీల్లో సాల్వెంట్ రికవరీ చూసేవాళ్లకు ఇది రోజువారీ తలనొప్పి. వాడిన సాల్వెంటును మళ్లీ శుద్ధి చేయాలంటే ముందు తెలియాల్సింది ఒక్కటే: ఏ పాళ్లలో, ఏ పీడనం దగ్గర, ఎన్ని డిగ్రీలకు మరుగుతుంది?

తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో డి.హెచ్.ఎల్. ప్రసాద్, ఆయన సహచరులు ఏళ్ల తరబడి చేసిన పని ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది. ఆల్కహాళ్లు, హైడ్రోకార్బన్లు, క్లోరిన్ చేరిన హైడ్రోకార్బన్లు: ఒక్కొక్క జంటనే తీసుకుని, పాళ్లు మారుస్తూ, మరుగు మొదలయ్యే ఉష్ణోగ్రతలు కొలిచి ప్రచురించారు. ఆ వ్యాసాల్లో పీడనం సముద్రమట్టం దగ్గరి 101.3 కాకుండా 95 కిలోపాస్కల్‌ల దరిదాపుల్లో కనిపిస్తే నాకు ముచ్చటేస్తుంది. అది మన ఊరి గాలి బరువు. ఆ కొలతలు తీసిన పరికరం పేరు ష్వెంతోస్లావ్‌స్కీ ఎబులియోమీటర్. నేను మనసు పారేసుకున్నది దాని మీదే.

మరుగును కొలవడంలో అంత కష్టం ఏముంది అనిపిస్తుంది. కానీ మరిగే ద్రవం నిజం చెప్పదు. తొలి బుడగ పుట్టడానికి ఏదో ఒక ఆధారం కావాలి. అది దొరక్కపోతే ద్రవం మరగాల్సిన ఉష్ణోగ్రతను దాటి ఇంకా వేడెక్కుతూ పోయి, ఒక్కసారిగా ఎగదన్నుతుంది. దానికితోడు, అడుగున ఉన్న ద్రవం మీద పైనున్న ద్రవం బరువు కూడా పడుతుంది కాబట్టి అక్కడ మరుగు ఉష్ణోగ్రతే వేరు. థర్మామీటరును ద్రవంలో ముంచితే ఎక్కువ చూపిస్తుంది. ఆవిరిలో వేలాడదీస్తే, దాని మీద చల్లబడి జారే చుక్కల లెక్క చెబుతుంది. జర్మన్ రసాయనవేత్త బెక్‌మన్ ద్రవంలో గార్నెట్ రాళ్లు, ప్లాటినం ముక్కలు వేసి బుడగలకు ఆధారం ఇచ్చాడు. కొంత మెరుగుపడింది, అంతే.

1919లో అమెరికన్ ఫ్రెడరిక్ కాట్రెల్ ఈ చిక్కును ఇంకోవైపు నుంచి విప్పాడు. థర్మల్ కేంద్రాల పొగలోంచి బూడిదను పట్టే ఎలక్ట్రోస్టాటిక్ ప్రెసిపిటేటర్‌కు ప్రాణం పోసిందీ ఈయనే. ద్రవం అతిగా వేడెక్కకుండా ఆపడం కోసం ఆయన తంటాలు పడలేదు. వేడెక్కనివ్వండి, కానీ థర్మామీటరును చేరేలోపు ఆ అదనపు వేడిని వదిలించుకోనివ్వండి అన్నాడు. థర్మామీటరును ద్రవానికి పైన, ఆవిరి ఉన్నచోట పెట్టాడు. మరిగే ద్రవంలో ఒక గరాటును బోర్లించి, దాని మెడను సన్న గొట్టంగా పైకి తీసుకెళ్లాడు. బుడగలు గరాటు కింద పోగై, ద్రవాన్ని తమతో కలిపి గొట్టంలోకి ఎగదోస్తాయి. నీళ్లు తక్కువున్న బోర్లలో కంప్రెసర్‌తో గాలి కొట్టి నీటిని పైకి తెచ్చే పద్ధతే ఇది, కాకపోతే ఇక్కడ కంప్రెసర్ పని చేసేది ఆ ద్రవం తాలూకు ఆవిరే. మోటారు లేదు, కవాటం లేదు. ఆ ప్రయాణంలో ద్రవం, ఆవిరి ఒకదాన్నొకటి రాసుకుంటూ వస్తాయి. ద్రవంలో ఎక్కువైన వేడి మరికాస్త ద్రవాన్ని ఆవిరి చేసి ఖర్చయిపోతుంది. పైకొచ్చి థర్మామీటరు మీద చిమ్మేసరికి రెండూ ఒక అంగీకారానికి వచ్చి ఉంటాయి. ఎక్కువైన వేడిని వదిలించే పని ఆ వేడి చేతే చేయించడం, దీన్ని మించిన తెలివి నాకు ల్యాబుల్లో ఎక్కడా కనిపించలేదు.

వార్సా పాలిటెక్నిక్‌లోని వోయ్‌చెక్ ష్వెంతోస్లావ్‌స్కీ ఈ ఆలోచనను అందుకుని పూర్తి స్థాయి కొలత పరికరంగా మలిచాడు. థర్మామీటరు దిగే గాజు గొట్టం చుట్టూ గాజు తీగ చుట్టాడు. చిమ్మిన ద్రవం జారిపోకుండా ఆ మెలికల వెంట మెల్లగా దిగుతూ దాన్ని తడుపుతూనే ఉంటుంది. మరిగే చోట లోపలి గోడకు గాజు పొడి అతికించి గరుకు చేశాడు, బుడగలు అక్కడ సులువుగా పుట్టాలని. కండెన్సర్ నుంచి తిరిగొచ్చే ద్రవాన్ని చుక్కలు చుక్కలుగా పడేలా చేసి, ఆ చుక్కలు లెక్కపెట్టే ఏర్పాటు చేశాడు. ఇది పైకి చిన్నదిగా కనిపిస్తుంది కానీ పరికరం నిజాయితీ అంతా ఇందులోనే ఉంది. చుక్కల వేగం చూస్తే మంట ఎంతుందో తెలుస్తుంది. మంటను కాస్త పెంచినా తగ్గించినా ఉష్ణోగ్రత కదలని ఒక మేర ఉంటుంది. ఆ మేరలో చదివిందే అసలైన కొలత.

పీడనానికీ ఆయన ఒక ఉపాయం పన్నాడు. నీటి మరుగు దగ్గర పీడనం ఒక్క మిల్లీమీటరు పాదరసం మారితే ఉష్ణోగ్రత 0.037 డిగ్రీ మారుతుంది. అలాంటప్పుడు పక్కనే ఇంకో ఎబులియోమీటర్‌లో శుద్ధమైన నీరు మరిగిస్తూ, రెండింటినీ ఒకే పీడనానికి కలిపితే సరిపోతుంది. నీటి ఉష్ణోగ్రతే పీడనం చెబుతుంది. ఆ తర్వాత ఆయన 1935లో పోలండ్‌కు విద్యామంత్రి అయ్యాడు, యుద్ధం వచ్చి అమెరికా చేరాడు, పిట్స్‌బర్గ్ నుంచి ఈ కొలతల మీద పుస్తకం తెచ్చాడు, 1946లో వార్సాకు తిరిగి వెళ్లాడు.

ఈ పరికరం ద్రవం మరుగు ఉష్ణోగ్రత మాత్రమే చెబుతుంది. ఆవిరిలో ఏ పాళ్లున్నాయో చెప్పదు. కాలమ్ కట్టాలంటే ఆవిరి సంగతి తెలిసి తీరాలి. ఇక్కడ థర్మోడైనమిక్స్ అడుగుపెడుతుంది. హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉండే మిథనాల్ అణువులను టోలీన్ విడగొడుతుంది. ఒంటరైన మిథనాల్ అణువు ఆవిరిలోకి దూకడానికి ఎక్కువ ఆరాటపడుతుంది. ఈ ఆరాటాన్ని కొలిచే గుణకం ప్రతి ద్రవానికీ ఒకటి ఉంటుంది. గిబ్స్-డ్యూహెమ్ సమీకరణం ప్రకారం ఈ రెండు గుణకాలు విడివిడిగా ఇష్టమొచ్చినట్టు మారలేవు. పాళ్లు మారేకొద్దీ ఒకటి పెరిగితే రెండోది ఎంత తగ్గాలో ఆ రెండు ద్రవాల పాళ్లే నిర్ణయిస్తాయి. అందువల్ల పీడనం, ద్రవంలోని పాళ్లు, ఉష్ణోగ్రత సరిగ్గా తెలిస్తే ఆవిరి పాళ్లను లెక్కకట్టవచ్చు. ఆవిరిని చల్లబరచి, నమూనా తీసి విశ్లేషించడంలో దొర్లే తప్పులన్నీ ఆ మేరకు తప్పిపోయినట్టే. తార్నాక కొలతలు అంత సాదాగా ఉండి అంత పనికి రావడానికి కారణం ఇదే.

గుణకాలకు ఒక గణిత రూపం కావాలి కదా. 1964లో గ్రాంట్ విల్సన్ ఇచ్చిన సమీకరణం అందుకు బాగా కుదిరింది. గిన్నె మొత్తంలో సగం మిథనాల్ ఉన్నా, ఒక మిథనాల్ అణువు చుట్టుపక్కల సగమే ఉండాలని లేదు, ఇరుగుపొరుగు పాళ్లు వేరుగా ఉండవచ్చు అన్నది ఆయన ఊహ. ఒక్కో జంటకు రెండే అంకెలు. మరుగు కొలతల వక్రరేఖకు సరిపోయేలా ఆ రెండింటినీ పట్టుకుంటే చాలు. హైటెక్ సిటీలో సిమ్యులేటర్ ముందు కూర్చుని కాలమ్ డిజైన్ చేసే ఇంజినీరు ద్రవాల పేర్లు ఎంచుకోగానే తెర మీదికి వచ్చే అంకెలు ఈ జాతివే. మూడు సాల్వెంట్లు కలిసినా మూడు జంటల అంకెలుంటే విల్సన్ సమీకరణం చాలామటుకు నెట్టుకొస్తుంది.

టోలీన్, నీరు లాంటి జంట దగ్గర మాత్రం ఆగిపోతుంది. ద్రవం రెండు పొరలుగా విడిపోతుందని చెప్పగల శక్తి ఆ సమీకరణం గణితంలోనే లేదు. 1968లో రెనాన్, ప్రౌస్నిట్స్ మూడో అంకె చేర్చి ఎన్‌ఆర్‌టీఎల్ సమీకరణం తెచ్చాక పొరలు కూడా లెక్కకు అందాయి.