గుంతలు తవ్విన పిచ్చివాడు

నేను బడిలో పని చేసే రోజుల్లో ఒకసారి ఏడో తరగతి పిల్లలను, "బీదవాళ్లు ఎందుకు బీదవాళ్లయ్యారు?" అని అడిగాను.

ఒక పిల్లవాడు లేచి, "కష్టపడి పని చెయ్యరు గనకనండీ!" అన్నాడు. చాలామంది తలలూపారు. వెనక బెంచీలో ఒక అమ్మాయి మాత్రం తల వంచుకున్నది. ఆ ఏడు వానలు లేక, ఆ పిల్ల అమ్మా నాన్నా కూలి కోసం ఊరు వదిలి వెళ్లారు. తెల్లవారకముందే లేచి చీకటి పడేదాకా పాటుపడే మనుషులు వాళ్లు.

ఆ రోజు నేను సరి అయిన జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను, వినండి.

పడమటి ఆఫ్రికాలో, సహారా ఎడారికి దక్షిణంగా, బుర్కినా ఫాసో అనే దేశం ఉన్నది. 1984 వరకు దాని పేరు అప్పర్ వోల్టా. అక్కడి పల్లెవాళ్లకు ముఖ్యమైన తిండి జొన్నలూ, సజ్జలూ. మనమూ తింటాం కదా! అసలు ఆ రెండు పంటలూ వేల సంవత్సరాల కిందట ఆఫ్రికాలోనే పుట్టి, మన దేశానికి వచ్చాయి. ఆ విధంగా మనం వాళ్లకు కొంత రుణపడి ఉన్నామన్న మాట.

1970 తరవాత ఆ ప్రాంతంలో పెద్ద కరువులు వచ్చాయి. పైమట్టి గాలికి కొట్టుకుపోయింది. మిగిలిన నేల ఎండకు కాలి, పెంకులాగా గట్టిపడింది. కురిసిన కొద్ది వాన కూడా లోపలికి ఇంకక, పైపైన జారిపోయేది. మనుషులు కష్టపడకపోవటం చేత కాదు, నేల నీరు తాగకపోవటం చేత పంట పోయింది. ఎంతోమంది ఊళ్లు వదిలి వెళ్లారు.

ఆ దేశంలో గూర్గా అనే పల్లెకు చెందిన యాకూబా సవదోగో అప్పట్లో దగ్గరి పట్నం బజారులో వ్యాపారం చేసుకుంటున్నాడు. ఆయనకు చదవటం, రాయటం రాదు. కరువుకు భయపడి అందరూ ఊరు వదులుతూ ఉంటే, ఆయన వ్యాపారం వదిలి ఊరికి తిరిగి వచ్చాడు!

గట్టి నేలలో చిన్న గుంతలు తవ్వి విత్తనం వెయ్యటం అక్కడి పాత పద్ధతి. దాన్ని "జాయ్" అంటారు. యాకూబా ఆ పద్ధతిని బాగు చేశాడు. గుంతలు మునుపటికన్న వెడల్పుగా, లోతుగా తవ్వాడు. ఒక్కొక్క గుంత సుమారు జానెడు వెడల్పు, జానెడుకు కొంచెం తక్కువ లోతు. ప్రతి గుంతలోనూ పేడా, ఆకూ అలమూ వేశాడు. ఎకరానికి వేల గుంతలు! పైగా వానలు పడకముందే, మండుటెండలో తవ్వాడు. అది అక్కడి ఆచారానికి విరుద్ధం. జనం నవ్వి, ఆయనకు పిచ్చెత్తిందన్నారు.

గుంతల్లో పేడ కోసం చెదపురుగులు చేరాయి. మన ఇంట్లో తలుపులు తినే చెద మనకు శత్రువు. అక్కడ అది కూలి అడగని కూలీ. పేడా ఆకులూ తింటూ అది నేలలోకి సన్నని సొరంగాలు తవ్వింది. వాన పడగానే నీరు గుంతలో నిలిచి, ఆ సొరంగాల వెంట లోపలికి దిగింది. పైనేల ఎండినా అడుగున తడి నిలిచింది. పేడ ఎరువయింది. జొన్న మొలిచి కంకి వేసింది.

పేడలో ఉన్న చెట్ల గింజలు కూడా మొలిచాయి. యాకూబా వాటిని పీకెయ్యక పెంచాడు. ఒకసారి కిట్టనివాళ్లు నిప్పు పెట్టారు. ఆయన మళ్లీ పెంచాడు. చివరకు అక్కడ సుమారు 40 హెక్టార్ల అడవి, అంటే 100 ఎకరాల అడవి లేచింది. అందులో 60కి పైగా జాతుల చెట్లూ, పొదలూ ఉన్నాయి.

ఆయన తన విద్యను దాచుకోలేదు. 1984 నుంచి ఏడాదికి రెండుసార్లు తన పొలంలోనే సంత పెట్టాడు. చుట్టుపక్కల రైతులు వచ్చి విత్తనాలు మార్చుకుని, గుంతల పద్ధతి నేర్చుకుని పోయేవాళ్లు. పక్కనున్న నైజరు దేశపు రైతులు కూడా వచ్చి చూసి వెళ్లారు. 2018లో ఆయనకు స్వీడనువారి రైట్ లైవ్లీహుడ్ బహుమానం వచ్చింది. 2023 డిసెంబరులో ఆయన మరణించాడు.

గుంతలతో అన్ని కష్టాలూ తీరిపోలేదు. 2015 తరవాత సాయుధ ముఠాల దాడుల మూలంగా ఆ దేశంలో లక్షలాది మంది ఇళ్లూ పొలాలూ వదిలి పారిపోవలసి వచ్చింది. బీదతనానికి కారణం ఒకటే ఉండదు.

అదే 2015లో ఐక్యరాజ్య సమితిలోని దేశాలన్నీ 2030 నాటికి సాధించాలని 17 లక్ష్యాలు పెట్టుకున్నాయి. మొదటిది, ఎక్కడా పేదరికం లేకుండా చెయ్యటం. వీటిని సుస్థిర అభివృద్ధి లక్ష్యాలంటారు. పేరు పెద్దదే గాని, అర్థం చిన్నదే: ఈనాటి ఆకలి తీర్చుకుంటూనే, రేపటి పిల్లల అన్నం తినెయ్యకుండా బతకటం. యాకూబా చేసినది అదే.

ఇక ముందు బీదవాణ్ని చూసినప్పుడు, "ఇతను పని చెయ్యడా?" అని కాక, "ఇతని నేలకు ఏమయింది?" అని అడగండి.

ఒక పని కూడా చెయ్యండి. పెద్దవాళ్లతో చెప్పి, ఇంటి గోడకు దూరంగా, గట్టి నేల మీద జానెడు గుంత తవ్వండి. అందులో గుప్పెడు పేడా, ఎండుటాకులూ వెయ్యండి. ఒక చెంబుడు నీళ్లు గుంతలోనూ, మరొక చెంబుడు పక్కన గట్టి నేల మీదా పొయ్యండి. మర్నాడు సాయంత్రం పుల్లతో రెండుచోట్లా గీకి చూడండి. తడి ఎక్కడ మిగిలి ఉన్నదో మీకే తెలుస్తుంది.