ఓడ దిగేనాడు మన పెట్టె మనమే మోసుకోవాలా?

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఒకప్పుడు ఓడ ప్రయాణమంటే బతుకుతెరువు కోసం వెళ్ళేవాళ్ళదే. ఇప్పుడు సరదాకి వెళ్ళేవాళ్ళు ఎక్కువయ్యారు. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళిన తల్లిదండ్రుల్ని ఆ పిల్లలు మయామీ నుంచో, టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నుంచో బయల్దేరే విహార నౌక ఎక్కించి, నాలుగు రోజులో వారం రోజులో సముద్రం మీద తిప్పి తీసుకువస్తున్నారు. క్రూయిజ్ అంటారు దాన్ని. అంతదూరం ఎందుకు? 2022లో మన విశాఖపట్నానికే కార్డీలియా వారి ఎంప్రెస్ ఓడ వచ్చింది. 2023లో అక్కడ ఇలాంటి ఓడల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ కూడా ప్రారంభించారు. కాబట్టి ఇవాళ కాకపోతే రేపు, మనలో చాలామందికి ఈ ప్రయాణం తటస్థపడవచ్చు.

ఓడ ఎక్కేముందు ఏం కట్టుకోవాలి, ఏం తినాలి, వాంతులు కాకుండా ఏం మాత్ర వేసుకోవాలి అని సలహాలు చెప్పేవాళ్ళు బోలెడుమంది ఉంటారు. దిగేరోజు సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. తీరా ఆఖరి సాయంత్రం ఓడవాళ్ళు వచ్చి, “మీ సామాను మీరే తీసుకువెళతారా, మమ్మల్ని దింపమంటారా?” అని అడిగేసరికి ఇంటిల్లిపాదీ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఈవేళ ఆ విషయమే ముచ్చటించుకుందాం.

ముందు ఈ రెండు పద్ధతులూ ఏమిటో చెబుతాను. మొదటిది ఓడవాళ్ళు దింపే పద్ధతి. ప్రయాణం ముగియబోతూ ఉండగా గది శుభ్రం చేసే స్టువార్డు రంగురంగుల చీటీలు ఇస్తాడు. వాటి మీద నంబర్లుంటాయి. ఒక్కో పెట్టెకి ఒక్కో చీటీ కట్టి, ఆఖరి రాత్రి పదీ పదకొండు గంటల లోపల, అంటే వాళ్ళు చెప్పిన వేళకి, గుమ్మం బయట పెట్టేయాలి. పనివాళ్ళు వాటిని రాత్రికి రాత్రే కిందికి చేర్చి, తెల్లారి ఓడ ఒడ్డుకి రాగానే టెర్మినల్ హాల్లో నంబర్లవారీగా వరసలు పేరుస్తారు. మన నంబరు పిలిచినప్పుడు చేతులూపుకుంటూ దిగి, పెట్టె వెతుక్కుని తీసుకోవడమే.

రెండోది మనమే మోసుకునే పద్ధతి. చీటీలూ లేవు, రాత్రి గుమ్మం బయట పెట్టడమూ లేదు. పొద్దున్నే మన సామానంతా మనమే పట్టుకుని, ఒక్క విడతలో, ఎవరి సాయమూ లేకుండా దిగిపోవాలి. ఇలాంటివాళ్ళని సాధారణంగా అందరికంటే ముందు పంపిస్తారు. “వెనక్కి వచ్చి ఇంకో పెట్టె తెచ్చుకుంటాను” అంటే కుదరదు. ఒకసారి దిగామంటే దిగినట్టే.

ఇంత ఏర్పాటు ఎందుకని మీరు అడగవచ్చు. ఆ ఓడల పరిమాణం తెలిస్తే అర్థమవుతుంది. 2024 జనవరిలో మయామీ నుంచి మొదటి విహారానికి బయల్దేరిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే ఓడకి ఇరవై అంతస్తులు. నిండా ఎక్కితే ప్రయాణీకులే ఏడు వేలమందికి పైగా పడతారు. చిన్నపాటి ఊరన్నమాట! ఆ ఊరు ఊరంతా పెట్టెబేడా పుచ్చుకుని ఒకేసారి లిఫ్టుల దగ్గరికి వస్తే ఏమవుతుంది? పైగా ఓడ ఆ రోజు విశ్రాంతి తీసుకోదు. తెల్లవారుజామున ఒడ్డుకి చేరి, పొద్దున తొమ్మిదీ పది గంటలకల్లా పాతవాళ్ళని దింపి, గదులన్నీ కడిగి, పక్కలు మార్చి, మధ్యాహ్నానికి కొత్తవాళ్ళని ఎక్కించుకుని సాయంత్రానికి మళ్ళీ బయల్దేరాలి. పెళ్ళివారు వెళ్ళగానే మరో పెళ్ళివారికి విడిది అప్పగించే సత్రంలాంటిదే. అందుకే సామాను రాత్రే కదిలిపోవాలంటారు.

మన పెట్టె మనమే మోసుకోవడంలో లాభాలు లేకపోలేదు. త్వరగా బయటపడతాం. రాత్రి తొందర తొందరగా సర్దే అవస్థ లేదు. హాల్లో వందలాది నల్ల సూట్‌కేసుల మధ్య మన నల్ల సూట్‌కేసు ఏదా అని వెతుక్కోనక్కర్లేదు. అదే రోజు విమానం ఉన్నవాళ్ళకీ, కారులో దూరం పోవలసినవాళ్ళకీ ఇది బాగానే ఉంటుంది. పిల్లలు సాధారణంగా ఈ పద్ధతే ఇష్టపడతారు. మర్నాడు ఆఫీసులకి వెళ్ళాలి కదా పాపం.

అయితే ఇక్కడొక లెక్క చూసుకోవాలి. విమానాల్లో పెద్ద పెట్టెకి మామూలుగా 23 కిలోలు ఒప్పుకుంటారని, మనం ఆ లెక్కకే నింపేస్తాం. 23 కిలోలంటే ఎంతో తెలుసా? పచారీ కొట్టునుంచి వచ్చే పాతిక కిలోల బియ్యం బస్తాకి రెండు కిలోలు తక్కువ. ఆ బస్తాని మనం వంటింటి గుమ్మం దగ్గరనుంచి లోపలికి లాగడానికే ఎవరో ఒకర్ని కేకేస్తాం. అలాంటిది, దాన్ని పుచ్చుకుని ఓడ మెట్లు దిగుతామా? “చక్రాలున్నాయిగా” అంటారు. చక్రాలు నున్నటి నేల మీద పనిచేస్తాయి, మెట్ల మీద పనిచేయవు. దిగే పొద్దున లిఫ్టులు కిక్కిరిసి ఉంటాయి, ఒక్కొక్కప్పుడు ఎంతసేపు నిలబడ్డా చోటు దొరకదు. అప్పుడు మెట్లే గతి. ఆ తరవాత ఓడకీ ఒడ్డుకీ మధ్య వేసిన గాంగ్‌వే అనే దారి ఒకటుంటుంది. ఒక్కోచోట అది ఏటవాలుగా ఉంటుంది. దాని మీద బరువైన పెట్టె మన కంటే ముందు పరిగెత్తుతుంది, లేదా వెనకనుంచి మడమల మీదికి తోసుకు వస్తుంది. వెనక జనం, ముందు జనం, ఆగడానికి వీలుండదు.

మా పిన్నిగారికి జరిగింది చెబుతాను. ఆవిడకి అరవై మూడేళ్ళు, మోకాళ్ళ నెప్పులు. కొడుకు, కోడలు, చంటిపిల్ల, ఈవిడ, బాబాయిగారు కలిసి క్రూయిజ్‌కి వెళ్ళారు. ఆ పొద్దున పదిన్నరకి కొడుకు విమానం టిక్కెట్లు కొన్నాడు. కాబట్టి మనమే మోసుకు దిగాలన్నాడు. “నువ్వు లాగగలవా అమ్మా?” అని అడిగితే, ఈవిడ “ఓ, దానికేముంది నాయనా!” అంది. మన నోటినుంచి వచ్చే మాట అదే కదండీ! కొడుకు రెండు పెట్టెలు పట్టాడు, కోడలు పిల్లనెత్తుకుంది, బాబాయిగారి చేతిలో మందుల సంచి, పాస్‌పోర్టులు. మిగిలిన పెట్టె పిన్ని చేతికొచ్చింది. రెండంతస్తుల మెట్లు దిగేసరికి కాలు మడతపడి, ముందుకి తూలి, అరచెయ్యి నేలకి ఆనించింది. మణికట్టు విరిగింది. విమానమూ పోయింది, ఆరు వారాలు పిండికట్టుతో అమెరికాలో కూర్చోవలసీ వచ్చింది.

ఇందులో ఓడవాళ్ళ తప్పు లేదు, కొడుకు తప్పని కూడా నేననను. అడిగాడు కదా! అయితే ఆడవాళ్ళం మనం తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. నెలసరి ఆగిపోయిన తరవాత మన ఎముకల్లో గట్టితనం త్వరగా తగ్గుతుంది. ఆ వయసులో చెయ్యి ఆనించి పడితే మణికట్టు విరగడం చాలా మామూలు. తుంటి ఎముక విరిగితే ఇంకా కష్టం. పైకి ఆరోగ్యంగా, చలాకీగా ఉన్నవాళ్ళకీ ఇది వర్తిస్తుంది. కాబట్టి “దానికేముంది” అనే మాట అనేముందు ఒక్క క్షణం ఆలోచించండి. మొయ్యలేనని చెప్పడం నామోషీ కాదు. ఆ మాట ఓడ మెట్ల మీద కాకుండా, టిక్కెట్లు కొనే రోజునే చెప్పాలి. అప్పుడు పిల్లలు విమానం మధ్యాహ్నం తరవాతకి చూస్తారు. ఆ ఒక్క మార్పుతో తొందరంతా పోతుంది.

మోసుకోవాలనే నిర్ణయించుకున్నారనుకోండి, ఆ పని ఇంట్లో సర్దేటప్పుడే మొదలవుతుంది. నేను చెప్పే సూత్రం చాలా చిన్నది. మనకున్నవి రెండు చేతులు, అందులో ఒకటి మెట్ల పక్కనున్న కమ్మీది. అంటే మిగిలిన ఒక్క చేత్తో ఎత్తగలిగిందే మన సామాను. భుజానికో చిన్న సంచి ఉండవచ్చు. చంటిపిల్లని ఎత్తుకునేవాళ్ళకి ఆ చెయ్యి కూడా ఖాళీ లేదు, వాళ్ళ పెట్టె ఇంకొకరు పట్టాలి, లేదా రాత్రే గుమ్మం బయట పెట్టాలి. సర్దిన పెట్టెని బయల్దేరే ముందు రోజు ఒక్క చేత్తో పట్టుకుని, మేడ మెట్లు ఒక వరస ఎక్కి దిగి చూడండి. ఆయాసం వచ్చినా, ఒరిగిపోయినా, పెట్టె తెరిచి సగం తీసెయ్యండి.

ఏం తీసెయ్యాలంటారా? మనకి బరువంతా పట్టుచీరల్లోనూ, “ఎందుకైనా మంచిది” అని పెట్టుకునే వాటిలోనూ ఉంటుంది. ఓడలో ఒకటి రెండు సాయంత్రాలు ముస్తాబై భోజనానికి వెళ్ళే ఆనవాయితీ ఉంది. దానికి ఒక్క పల్చటి పట్టుచీర చాలు. మిగిలినవి ఉతికి ఆరేస్తే తెల్లారేసరికి ఆరిపోయే రకాలు పెట్టుకోండి. కొన్ని ఓడల్లో ప్రయాణీకులే బట్టలుతుక్కునే మిషన్లుంటాయి. తువ్వాళ్ళు, సబ్బు అక్కడే ఇస్తారు. దారిలో రేవు రేవుకీ కొనే బొమ్మలు, గవ్వలు, చొక్కాలు తిరుగు ప్రయాణంలో పెట్టెలోకే వస్తాయి సుమండీ. అందుకని వెళ్ళేటప్పుడే నాలుగో వంతు ఖాళీ ఉంచుకోవాలి.

ఓడవాళ్ళకే అప్పగించేవాళ్ళకీ కొన్ని జాగ్రత్తలున్నాయి. పాస్‌పోర్టులు, డబ్బు, నగలు, రోజూ వేసుకునే మందులు, కళ్ళజోడు గుమ్మం బయట పెట్టే పెట్టెలో ఎప్పుడూ వెయ్యకండి. పొద్దున వేసుకోవలసిన బట్టలు, చెప్పులతో సహా విడిగా తీసి ఉంచండి. నవ్వకండి, బట్టలన్నీ సర్దేసి, తెల్లారాక రాత్రి కట్టుకున్న లుంగీతో మిగిలిపోయిన మగవాళ్ళున్నారు! పెట్టెకి ఎర్ర రిబ్బనో, పాతచీర అంచు ముక్కో కట్టండి. వంద పెట్టెల్లో కూడా దూరంనుంచే మనది కనిపిస్తుంది. మధ్యేమార్గం కూడా ఉంది. పెద్దవి రాత్రే అప్పగించి, ఒక చిన్న సంచి మాత్రం దగ్గరుంచుకోవచ్చు. అప్పుడు నంబరు పిలిచేదాకా ఆగాలి, అంతే.

ఇక ఆ పొద్దున సంగతి. ఒడ్డుకి చేరగానే గుమ్మం దగ్గరికి పరిగెత్తి లాభం లేదు. రేవు అధికారులు అనుమతి ఇచ్చేదాకా ఎవరినీ దింపరు. అందుకని ఫలహారం తిని, మందులు వేసుకుని, మైకులో పిలిచేదాకా కూర్చోండి. మెట్ల మీద పెట్టెలు పెట్టుకుని నిలబడితే మనకీ ఇబ్బంది, ఎదుటివాళ్ళకీ ఇబ్బంది. దిగేముందు సొరుగులు, బీరువా, బాత్‌రూము తలుపు వెనక కొక్కెం, ఇనప్పెట్టె ఇంకోసారి చూడండి. గది తాళంగా వాడిన కార్డు చేతిలో ఉంచుకోండి, గాంగ్‌వే దగ్గర దాన్ని ఆఖరిసారి చూసి పంపిస్తారు. ఆ తరవాత పాస్‌పోర్టు చూసే అధికారులు, కస్టమ్స్‌వాళ్ళు.

ఇక్కడ మన ఆడవాళ్ళకి ఒక మాట. ఓడలో బఫే భోజనం పుష్కలంగా ఉంటుంది కదా అని రెండు అరటిపళ్ళు, ఒక ఆపిలు సంచిలో వేసుకునే అలవాటు మనకుంది. అమెరికా రేవుల్లో పళ్ళు, మాంసం, మొక్కలు, విత్తనాలు ఒడ్డుకి దింపడం మీద కఠినమైన నిబంధనలున్నాయి. చెప్పకుండా తీసుకెళితే జరిమానా పడుతుంది. పళ్ళు ఓడలోనే తినేసి దిగండి. తినేవస్తువులు ఇంకేమైనా ఉంటే అధికారికి ముందే చెప్పండి. అలాగే అక్కణ్ణుంచి నేరుగా విమానం ఎక్కేవాళ్ళు, కొనుక్కున్న సెంటు సీసాలు, సిరప్పులు 100 మిల్లీలీటర్లు దాటితే విమానంలో వేసే పెద్ద పెట్టెలో పెట్టుకోవాలి, చేతిసంచిలో కాదు.

చివరిగా మోసేవాళ్ళ గురించి కూడా ఒక్క మాట చెప్పుకోవాలి. మన కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి వేలాది తెలుగువాళ్ళు ఓడలెక్కి రంగూన్ వెళ్ళేవారు. అక్కడి రేవులో ఓడల సరుకు దింపి, ఎక్కించిన కూలీల్లో చాలామంది మనవాళ్ళే. కోరంగి పేరు మీదే బర్మావాళ్ళు తెలుగువాళ్ళని కోరంగీలనేవారు. ఆ సంగతి గుర్తుంటే, రాత్రి గుమ్మం బయట మనం పెట్టే పెట్టెని తెల్లవార్లూ మేలుకుని కిందికి దింపేది కూడా ఇల్లు వదిలి వచ్చిన ఎవరో ఒక తల్లి కొడుకేనని తెలుస్తుంది. మనం మోసినా, వాళ్ళు మోసినా పెట్టె తేలిగ్గా ఉండటమే అందరికీ మంచిది. టెర్మినల్లో పోర్టరు సాయం తీసుకుంటే పెట్టెకింతని చేతిలో పెట్టడం మరచిపోకండి.

ప్రయాణం నిర్ణయమైన రోజునే ఇంట్లో అందరూ కూర్చుని, ఎవరు ఏది మొయ్యగలరో నిజం నిజంగా చెప్పుకోండి. మీ వంతు వచ్చినప్పుడు మొహమాటపడకండి.