మూత తీస్తే తెలిసే వాచీ గోత్రం

మచిలీపట్నం: బీరువాలో పట్టుచీరల అడుగున, చిన్న డబ్బాలో పెట్టి మరిచిపోయిన ఆడవాళ్ల వాచీ మన పల్లెల్లో ఇప్పటికీ చాలా ఇళ్లల్లో ఉంటుంది. వేలి గోరంత డయలు, సన్నటి గొలుసు, పక్కన ఆవగింజంత కీ. పెళ్లిలో పెట్టిందో, ఉద్యోగం వచ్చిన కొత్తలో కొనుక్కున్నదో అయివుంటుంది. ఆగిపోయి ఏళ్లు దాటింది. బాగు చేయిద్దామని టౌనుకు పట్టుకెళితే, "దీనికి స్పేరు దొరకదండీ, మిషను మార్చేద్దాం" అంటారు. సరేనంటే పాత కేసులో బ్యాటరీ మిషను పెట్టి ఇస్తారు. అమ్మ వాచీలో ఇక అమ్మ నాటిది తొడుగు ఒక్కటే.

స్పేరు దొరకదన్న మాట నిజమో కాదో తేలాలంటే ముందు లోపలి మిషను ఏదో తెలియాలి. డయలు మీద పేరు చూసి చెప్పడానికి వీల్లేదు. స్విట్జర్లాండులో ఏ.ఎస్., ఎఫ్.హెచ్.ఎఫ్., ఈటా వంటి కొద్ది ఫ్యాక్టరీలు మిషన్లు తయారు చేసేవి. వాటిని కొని తమ పేరు వేసుకుని అమ్మిన కంపెనీలు వందల్లో ఉండేవి. అందువల్ల పది పేర్లున్న పది వాచీల్లో ఒకటే మిషను ఉండవచ్చు. ఎవరూ వినని పేరున్న వాచీ తుక్కులోంచి తీసిన చక్రం మన వాచీకి అతికినట్లు సరిపోవచ్చు.

వెనక మూత తీస్తే అటూ ఇటూ ఊగే చక్రం ఒకటి కనిపిస్తుంది. అది బ్యాలెన్స్ చక్రం. చాలా స్విస్ మిషన్లలో ఆ చక్రం కిందనో పక్కనో అడుగు రేకు మీద ఫ్యాక్టరీ గుర్తు, నెంబరు చెక్కి ఉంటాయి. ఏ.ఎస్. 1012 అలాంటి ఆడవాళ్ల మిషనే. భూతద్దం లేనిదే ఆ అంకెలు కనిపించవు. మన దేశపువి గుర్తించడం ఇంకా తేలిక. హెచ్.ఎం.టి. 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో వాచీలు మొదలుపెట్టింది. ఆడవాళ్లకు 'సుజాత' అన్న వాచీ తెచ్చింది. దాని మిషను మీద కంపెనీ పేరే ఉంటుంది. డయలు మీద హెచ్.ఎం.టి. అని ఉండి లోపల వేరే పేరుంటే, మధ్యలో ఎవరో మిషను మార్చారన్నమాట. ఆ కంపెనీ వాచీల విభాగం మూసివేతకు 2016లో కేంద్రం నిర్ణయం తీసుకుంది. కనుక దాని స్పేర్లకూ ఇప్పుడు పాత వాచీలే దిక్కు.

కేసు మెరుపు చూసి మోసపోవద్దని బందరు వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. చిలకలపూడి కవరింగు నగలు చేసే ఊరిది. వాచీ కేసుల్లోనూ చాలా వాటికి పైన ఉన్నది బంగారు పూతే. ఇక '17 జ్యూయల్స్' అంటే పదిహేడు రత్నాలని ఆశపడేవారు ఉన్నారు. అవి ఇరుసులు అరగకుండా పెట్టిన కృత్రిమ కెంపులు. అమ్మితే టీ ఖర్చుకు కూడా రావు, వాచీలో ఉంటేనే విలువ.

కీ ఎక్కువ ఇవ్వడం వల్ల ఆగిపోయిందనే మాట కూడా తరచు వినిపిస్తుంది. కీ నిండిన వాచీ ఆగిందంటే చాలాసార్లు లోపల నూనె ఎండి, దుమ్ము పట్టి ఉంటుంది. కడిగి నూనె వేస్తే నడవవచ్చు. కీ ఎంత తిప్పినా పట్టు తగలకపోతే మెయిన్ స్ప్రింగు తెగి ఉండవచ్చు. బ్యాలెన్స్ చక్రం ఒక పక్కకు వాలి ఊగితే ఇరుసు విరిగిందని అనుమానించాలి. బాగున్న పాత మిషన్లు చాలావరకు సెకనుకు అయిదు టిక్కులు కొడతాయి.

ఉప్పునీరు తాగిన వాచీ సంగతి వేరు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో మునిగిన వాచీ ఒకటి కోడూరు వైపు నుంచి గుడివాడలో ఒక మెకానిక్కు బల్ల మీదికి వచ్చింది. పెట్టెతో సహా బురదలో దొరికిందని దాని యజమానురాలు చెప్పారు. మూత తీస్తే కీ పుల్ల తుప్పుతో ముక్కలైంది. వెంట్రుకంత హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఇత్తడి రేకు పచ్చబడింది. పెట్రోలుతో కడిగితే కెంపులు మాత్రం నిన్న పెట్టినట్లు బయటపడ్డాయి. ఉక్కును తినే ఉప్పు వాటినేం చేయలేదు. నెంబరు చదివాక మెకానిక్కు తుక్కు డబ్బా వెదికి, వేరే పేరున్న వాచీలోంచి స్ప్రింగుతో సహా బ్యాలెన్స్ చక్రం తీసి బిగించాడు. వాచీ కదిలింది. రోజుకు నాలుగు నిమిషాలు వెనకబడుతున్నా ఆవిడకు పట్టింపు లేదు. డయలుకు కొత్త రంగు వేస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు. నీటి మరక అలాగే ఉంది.

రిపేరుకు ఇచ్చేముందు మూత తీయించి, ఆ గుర్తు, నెంబరు కాగితం మీద రాసుకోవాలి. సెల్‌ఫోనులో ఫొటో తీసుకున్నా సరే. మిషను మార్చక తప్పకపోతే పాతది అడిగి తెచ్చుకోవాలి. అవనిగడ్డలోనో గుడివాడలోనో ఇంకో వాచీకి కావలసిన చక్రం అందులో ఉండవచ్చు.